ఐదడుగుల గుంట: గోదావరిఖనిలో మూడు రోజులు

కరీంనగర్ దాటాక

కరీంనగర్‌లో ఎక్కిన బస్సులో నాకు నిలబడే చోటే దొరికింది. సీట్ల నిండా ఆడవాళ్ళు. కండక్టరు వాళ్ళకు సున్నా టికెట్లు కొట్టి ఇస్తూ వచ్చి, నా దగ్గర మాత్రం డబ్బులు తీసుకున్నాడు. టికెట్టు కొన్నదీ నేనే, నిలబడ్డదీ నేనే. పక్క సీటులో ఒకామె ఒళ్ళో గంప పెట్టుకొని, నోరు కొంచెం తెరిచి, హాయిగా నిద్రపోతోంది. ఆ నిద్ర చూసి నాకు కడుపు మండింది. ఈ మాటతోనే మొదలుపెడుతున్నాను. ఆ మంట మూడు రోజులూ నన్ను వదల్లేదు కాబట్టి చదివేవాళ్ళకు ముందే తెలిసి ఉండటం మంచిది.

నేనెవరో కూడా చెప్పాలి. మాది జగిత్యాల అవతల ఒక ఊరు. మా తాత కాలంలో ఆ ఊరి భూమిలో సగానికి పైగా మాది. ఇప్పుడు మిగిలినవి ఇల్లు, ఇంటి వెనక పాడుబడ్డ పశువుల కొట్టం, దాని చుట్టూ ఉన్న కాస్త జాగా. ఊళ్ళో వయసు మళ్ళినవాళ్ళు నన్ను ఇంకా దొరా అంటారు. మిగతావాళ్ళు సార్ అంటారు. ముప్ఫై ఏళ్ళు అక్కడి బడిలోనే లెక్కలు చెప్పాను.

కొట్టానికి ఆనుకొని ఒక వాడ ఉంది. ఇరవై రెండు ఇళ్ళు. ఇంటికీ ఇంటికీ మధ్య మనిషి పక్కకు తిరిగి నడవాలి. మరుగుదొడ్డి కట్టుకునే చోటు ఏ ఇంటికీ లేదు. ఆడవాళ్ళు తెల్లవారకముందే గుట్ట కింది తుమ్మల్లోకి పోతారు. పోయిన వానాకాలం లచ్చవ్వ అనే ఆమె అక్కడే జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ తర్వాత వాడంతా వచ్చి మా కొట్టం జాగా మరోసారి అడిగింది. నేను కాదనలేదు. మా తాత పేరున నేనే కట్టిస్తాను, ఆగండి అన్నాను. ఆరేళ్ళుగా ఆ మాటే అంటున్నాను. కట్టించే స్తోమత నాకు లేదని నాకూ తెలుసు, వాడకూ తెలుసు.

లచ్చవ్వ అక్క చంద్రమ్మను గోదావరిఖనికి ఇచ్చారు. అక్కడ ఆమె ఉండే బస్తీలో జనమే చేతులు కలిపి ఇంటింటికీ మరుగుదొడ్డి కట్టుకున్నారని, ఆ పనికి చంద్రమ్మే మేస్త్రి అని మా వాడలో ఒకటే చెప్పుకోవడం. "ఒక్కసారి పోయి చూసి రాండ్రి దొరా. చూస్తే మీకే తెలుస్తది" అంది లచ్చవ్వ, విరిగిన చేతిని మంచి చేత్తో పట్టుకొని. సరే చూస్తానన్నాను. నిజానికి తప్పులు వెతకడానికే వెళ్ళాను.

ఏ బాయి మీద?

బసంత్‌నగర్ దగ్గర చెట్ల ఆకులు బూడిద రంగులో ఉన్నాయి. సిమెంటు లారీలు కదిలేదాకా బస్సు ఆగింది. జ్యోతినగర్ రాగానే రోడ్డుకు ఊడ్చినట్టు శుభ్రం వచ్చింది. కరెంటు ప్లాంటు పొగగొట్టాలు, వరసగా క్వార్టర్లు, ప్రతి ఇంటి ముందూ స్కూటరో కారో. ఈ క్వార్టర్లలో ఉండే ఇంజనీర్ల తాతల్లో ఎవరికీ జానెడు భూమి కూడా ఉండి ఉండదు. అయినా వాళ్ళ గోడలకు సున్నం రాలలేదు. మా ఇంటి గోడలు గుర్తొచ్చి మొహం తిప్పుకున్నాను.

గోదావరిఖనిలో దిగి టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాను. మా వైపు కొత్త మనిషి కనిపిస్తే మొదటి ప్రశ్న, ఎవరింటోళ్ళు? అని. దానికి జవాబు చెప్పేటప్పుడు నా వెన్ను ఇప్పటికీ నిటారవుతుంది. ఇక్కడ టీ కొట్టతను అడిగింది వేరు.

"ఏ బాయి మీద చేస్తరన్నా?"

బాయి అంటే బొగ్గు గని. నేను ఏ బాయి మీదా చెయ్యనన్నాను.

"అయితే రిటేరా? ఏ బాయిల రిటేరైన్రు?"

మాది ఫలానా ఊరు, ఫలానా వారిల్లు అని పూర్తిగా చెప్పాను. అతను ఓపిగ్గా విన్నాడు.

"మంచిది. మిర్చి వెయ్యాల్నా?" అన్నాడు.

నాలుగు మిర్చీలు ఇరవై రూపాయలు. లోపల వాము, చింతపండు కూరి వేడివేడిగా ఇచ్చాడు. అంత మంచి మిర్చి మా ఊళ్ళో దొరకదని ఒప్పుకోవడానికి కూడా నాకు మనసు రాలేదు. లేచి నాలుగడుగులు వేశాక వెనక నుంచి కేకేశాడు. "అన్నా, పంచె!" ఇస్త్రీ చేసిన తెల్ల పంచె వెనక బల్ల వెడల్పున నల్లటి చార. "బొగ్గు గద. ఉతికినా పోదు. ఇగ మీరు గూడ మా బాయోళ్ళే" అని నవ్వాడు. ఆ మూడు రోజులూ కండువా వెనక్కి వేలాడేసుకొని నడిచాను.

తోరణం

బస్తీ ఒక పాత మట్టి దిబ్బ పక్కన ఉంది. రేకులు, పెంకులు, బొంతలు కప్పిన ఇళ్ళు. సందులు మా వాడ కంటే ఇరుకు. వాసన కోసం ముక్కు సిద్ధం చేసుకొని వెళ్ళాను. పొయ్యి పొగ, వేయించిన నువ్వులు తప్ప ఏ వాసనా రాలేదు.

మూల మీద ఒక చిన్న గది కనిపించింది. గడపకు పసుపు రాసి బొట్లు పెట్టారు. పైన మామిడి తోరణం. ముందు కొట్టిన కొబ్బరి చిప్పలు. పోచమ్మో ఎల్లమ్మో అనుకొని చెప్పులు విడిచి చేతులు జోడించాను.

"సార్, సార్! అది గుడి గాదు. ఎల్లవ్వోళ్ళ లెట్రిన్. నిన్ననే కొబ్బరికాయ గొట్టిన్రు."

వెనక్కి తిరిగితే చంద్రమ్మ. నలభై దాటిన మనిషి, చీర మీద మగవాళ్ళ చొక్కా, మోచేతుల దాకా ఎండిన సిమెంటు. సందులో ఉన్నవాళ్ళంతా నవ్వుతున్నారు. అరుగు మీద ముసలమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "మొక్కనియ్యే. లోపటి దేవుడు రోజు పొద్దుగాల అందరి మొర ఇంటడు" అంది. నేను చెప్పులు వేసుకున్నాను. మా ఇంటివాళ్ళను చూసి ఇంతమంది ఒకేసారి నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

చంద్రమ్మ నన్ను గుర్తుపట్టడంలో వింత లేదు. నేను తనకు లెక్కలు చెప్పానట. "ఆరో తరగతిదాక మీ దగ్గరనే. గుండ్రం చుట్టు కొలత ఎట్ల తియ్యాల్నో మీరే చెప్పిన్రు. ఎనక బెంచీల నుంచి సగమే ఇనవడేది. మిగిలింది ఈడ రింగులు పొయ్యంగ నేర్చుకున్న." తిట్టినట్టు అనలేదు.

మధ్యాహ్నం వాళ్ళింట్లో సర్వపిండి, పచ్చిపులుసు పెట్టింది. వాడవాళ్ళ ఇళ్ళలో మేము తినం. తినకూడదని మా అమ్మ పెట్టిన నియమం. ఆకలి వేసింది, తిన్నాను. సర్వపిండి అంచు కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా, పల్లీలు పంటికి తగులుతూ ఉంది. రెండోది అడగటానికి సిగ్గుపడుతుంటే ఆమె అడక్కుండానే వేసింది.

మస్టర్

ఆ సాయంత్రం, మర్నాడంతా నేను చూసింది చెబుతాను. తప్పులేమీ దొరకలేదు కాబట్టి ఉన్నది ఉన్నట్టే చెప్పాలి.

ఒక్కో ఇంటికి రెండు గుంటలు. రంధ్రాలున్న సిమెంటు రింగులు ఒకదాని మీద ఒకటి దించుతారు. అడుగున మట్టే. ఒక గుంట నిండాక దాన్ని మూసి రెండోది వాడతారు. అది నిండేసరికి మొదటిది ఎరువై ఆరిపోతుంది. గోడలకు కరెంటు ప్లాంటు బూడిదతో చేసిన ఇటుకలు. రింగులు పోసే ఇనుప అచ్చును వెల్డింగు షాపతను చేసిచ్చాడు. అంచులు విరిగిన ఇటుకలను ఇటుకలు చేసే ఆయన సగం ధరకు వదిలాడు. మున్సిపాలిటీ ఇంజనీరు వచ్చి నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో చూసి ఎక్కడ తవ్వొచ్చో చెప్పాడు. రిటైరైన గని కార్మికులు తవ్వారు. ఆడవాళ్ళ పొదుపు సంఘం మిగతాదంతా చూసుకుంది. వీళ్ళందరి వెనక ఎవరో ఒక పెద్దమనిషి ఉండి తీరాలని రెండు రోజులు వెతికాను. లేడు.

గనుల్లో పనికి దిగేముందు హాజరు వేయించుకోవాలి. దాన్ని మస్టర్ అంటారు. బస్తీవాళ్ళు ఆ అలవాటునే తెచ్చుకున్నారు. ప్రతి ఇల్లూ పదిహేను మస్టర్లు ఇవ్వాలి. ఫస్టు షిఫ్టులో తవ్వొచ్చు, సెకండు షిఫ్టులో ఇటుకలు మోయొచ్చు. కానీ సొంత ఇంటి గుంట తవ్వుకుంటే అది మస్టర్ కాదు. పక్కవాడిది తవ్వితేనే. మస్టర్ ఇచ్చినవాళ్ళ పేర్లు ఆ మరుగుదొడ్డి వెనక గోడ మీద తెల్ల రంగుతో రాస్తారు. రాజయ్య, ఎల్లవ్వ, శంకర్, ఖాజా, పోశక్క. ఒక్కదానికీ ముందు ఇంటిపేరు లేదు. మొత్తం ఖర్చు పెడతాను, తలుపుల మీద నా పేరు వెయ్యండి అని ఒక కాంట్రాక్టరు వచ్చాడట.

"ఏమన్నవు?" అని చంద్రమ్మను అడిగాను.

"పదిహేను మస్టర్లు ఇయ్యి అన్న. మళ్ళ రాలే."

ఆ కాంట్రాక్టరు మీద నాకు జాలి కలిగింది. అతన్ని అర్థం చేసుకోగలవాణ్ణి ఆ బస్తీలో నేనొక్కణ్ణే.

కాక చెయ్యి ఆగదు

తవ్వే జట్టుకు పెద్ద, రాజయ్య. బస్తీ అంతా కాకా అని, అంటే బాబాయి అని, పిలుస్తుంది. డెబ్బై దాటిన మనిషి, బొగ్గు కొట్టి రిటైరయ్యాడు. చేతిలో ఎప్పుడూ ఒక కర్ర. కొత్తగా కట్టిన ప్రతి గోడనూ దాంతో కొట్టి చెవి పెట్టి వింటాడు. గనిలో తల మీది కప్పును అలా కొట్టి వినేవాళ్ళట. "గట్టిగ మోగితే సుఖం. బోలుగ మోగితే ఉరుకుడే" అని, నా వీపు మీద కూడా మెల్లగా ఒకటి కొట్టాడు. "సార్ నడుము గట్టిగనే మోగుతంది. వంగుతదో వంగదో మరి."

ప్రతి గుంట దగ్గరా ఒక ఆడమనిషి ఐదడుగుల కర్ర పట్టుకొని కూర్చుని ఉండటం చూసి కారణం అడిగాను. చంద్రమ్మ కాక వైపు చూసి నవ్వింది.

"మొదటిసారి ఐదు ఫీట్లని జెప్పి నేను ఇటుకల కోసం పోయిన. పొద్దుగూకంగ వచ్చి చూస్తే కాక కనవడ్తలేడు. కాకా అని పిలిస్తే పాతాళంల నుంచి ఓ అన్నడు."

"అబద్ధాలు చెప్పకు. పన్నెండు ఫీట్లే" అన్నాడు కాక.

"పన్నెండు ఫీట్లే అంటడు! మూడు గుంటలు గట్లనే. పక్కలు కూలకుంట కర్రమొద్దులు గూడ నిలవెట్టిండు. అడుగున మోకాళ్ళదాక నీళ్ళు. ఇంక మోటరు దెమ్మని లొల్లి!"

"నీళ్ళొస్తే మోటరు వెట్టి తోడుతరు బిడ్డా. నలభై ఏండ్లు గదే చేసినం. బొగ్గు కనవడేదాక నా చెయ్యి ఆగదు, నన్నేం జెయ్యమంటవ్?"

సందంతా నవ్వు. నాకు మాత్రం విషయం తెలియక అడిగాను, లోతైతే మంచిదే కదా అని. కాదట. అడుగున పొడి మట్టి ఉంటేనే మురికి నీరు ఇంకుతూ శుభ్రపడుతుంది. భూమిలోని నీటిని గుంట తాకితే ఆ మురికి నేరుగా బోరింగులోకి వస్తుంది. గనిలో బొగ్గు తీసిన ఖాళీని ఇసుకతో నింపుతారు. అదే పద్ధతిలో మూడు గుంటల్లోనూ ఏడడుగుల మేర మట్టి పోసి, దిమ్మిస కొట్టి, మళ్ళీ ఐదడుగులకు తెచ్చారు. తవ్వినందుకు ఒక మస్టర్, పూడ్చినందుకు ఒక మస్టర్ వెయ్యాలని కాక పేచీ పెట్టాడు.

"నేను వెయ్యలే" అంది చంద్రమ్మ.

"యూనియన్ల కేసేస్త నీ మీద."

"ఎయ్యి. ముందుగాల చాయ్ దాగు."

మా తాత కోప్పడితే ఊరు ఊరంతా గప్‌చుప్ అయ్యేదని గొప్పగా వింటూ పెరిగాను. ఈమె కోప్పడితే జనం ఇంకా దగ్గరికి జరిగి కూర్చుంటున్నారు. ఆ సందులో టీ తాగుతూ, నా మాజీ విద్యార్థిని, మా వాడ పిల్లను చూసి నేను పడ్డ ఈర్ష్య ఏ జమీందారును చూసీ పడలేదు.

గుంటలో

అచ్చు ఇప్పటికి నాలుగు బస్తీలు తిరిగింది. నేర్చుకున్న బస్తీ తన మనుషులిద్దరిని పంపి తర్వాతి బస్తీకి నేర్పాలి. గిన్నెలోంచి ఇంత పెరుగు తీసి పక్కింటి పాలకు తోడువేసినట్టు. అచ్చు తర్వాత ఎక్కడికి పోవాలన్నది నేను ఉన్న మూడో రోజు తేలాల్సి ఉంది.

ఆ పొద్దున ఫస్టు షిఫ్టులో నేనూ తవ్వుతానన్నాను. ఎవరూ అడగలేదు. ఇక్కడ చేతకాని మనిషిగా గుర్తుండిపోవడం ఇష్టం లేక దిగాను. ఇరవై నిమిషాలకే అరచేతులు బొబ్బలెక్కాయి. ముందే కొంత తవ్వి ఉన్న గుంట నా ఛాతీ దాకా వచ్చింది. చంద్రమ్మ వచ్చి అంచున నిలబడింది. ఆమె పాదాలు వంగి తవ్వుతున్న నా కళ్ళ ఎత్తున ఉన్నాయి.

"సార్, అచ్చు సోమవారం లేస్తది. మీ ఊరికా, ఇంకో ఊరికా అన్నది ఇయ్యాల చెప్పాలె. మా చెల్లె ఫోన్ చేసింది. మిల్లు మల్లేశం రోడ్డవతల జాగ ఇస్తనన్నడట."

మల్లేశం తండ్రి మా కొట్టంలో పశువులు కాసినవాడు. ఇప్పుడు మల్లేశానికి రైస్ మిల్లు ఉంది.

"రోడ్డవతలా? అంత దూరం ఆడోళ్ళు ఎట్ల పోతరు?"

"తుమ్మల్లకు పోతలేరా? దూరమైతే ఏంది, తలుపుంటది గద. మీ కొట్టంల అయితే వానల గూడ పోవచ్చు. కని మీరిస్తలేరు."

"ఇయ్యనన్నానా? కట్టిస్తనన్న."

"ఆరేండ్ల సంది కట్టిస్తున్నరు. మీరు కట్టించుడు మాకొద్దు సార్. జాగ ఇయ్యిన్రి చాలు. ఇస్తరా, ఇయ్యరా? గంతే."

కాక కలగజేసుకున్నాడు. "గుంటల ఉన్నోన్ని గట్లడుగుతరా? పైకెక్కనియ్యి."

"ఎక్కినంక ఆలోచన జేస్తనంటడు కాకా. ఆరేండ్లు గదే."

పార పట్టుకొని నిలబడ్డాను. రోడ్డవతల మల్లేశం జాగాలో ఇరవై రెండు తలుపులు, వాటి ముందు పసుపు బొట్లు, కొబ్బరికాయ కొడుతూ మల్లేశం, చుట్టూ మా వాడంతా నవ్వుతూ. ఆ చిత్రం ఒక్క క్షణం కూడా భరించలేకపోయాను.

"ఇస్తున్న. కాయితం రాసిస్త. మల్లేశం జాగ అక్కర్లేదని మీ చెల్లెకు ఇప్పుడే చెప్పు" అన్నాను.

ఆమె అక్కడే నిలబడి ఫోన్ చేసింది. "ఇస్తడట" అంటుంటే అవతల లచ్చవ్వ ఏమందో నాకు వినిపించలేదు. చంద్రమ్మ మాత్రం కొంగుతో మొహం తుడుచుకొని, "ఏడుస్తంది పిచ్చిది" అంది. ఔదార్యంతో ఇచ్చానని ఎవరైనా రాస్తే నమ్మకండి. మల్లేశానికి దక్కకూడదని ఇచ్చాను. ఇచ్చిన కారణం ఏదైనా జాగా అంతే ఉంటుంది.

మా ఊళ్ళో

తిరుగు ప్రయాణంలో సీటు దొరికింది. నిద్ర మాత్రం పట్టలేదు.

వాడ ఆడవాళ్ళ సంఘం పేరున కాగితం రాసిచ్చాను. ఆ వారమే ట్రాలీ ఆటోలో ఇనుప అచ్చు దిగింది, దాని పక్కన చంద్రమ్మ, రాజయ్య కాక. కాక వస్తూనే మా కొట్టం గోడను కర్రతో కొట్టి, "బోలు. కూలగొట్టుడే" అన్నాడు. ఒక్క పూటలో కూల్చారు. జగిత్యాల నుంచి ఇంజనీరు వచ్చి బావిలో నీళ్ళ మట్టం చూసి వెళ్ళాడు. వాడ మొత్తం చంద్రమ్మ చుట్టూ మూగి, మూడేళ్ళ పిల్ల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా ఆమెను తాకి చూసింది. నేను వెనక గుమ్మంలో నిలబడి చూశాను. నా దగ్గరికి ఎవరూ రాలేదు. జాగా నాది అని గట్టిగా అనాలనిపించింది.

మర్నాడు పొద్దున మస్టర్ పిలిచారు. చంద్రమ్మ ఒక్కో పేరు చదువుతుంటే ఒక్కొక్కరు పలుకుతున్నారు. చివరిదాకా విన్నాను. నా పేరు రాలేదు.

"నాకు లేదా?" అని అడిగాను.

"మీకు ఇంట్ల ఉన్నది గద సార్, మీకెందుకు?"

"పక్కోనిది తవ్వితేనే మస్టర్ అన్నవు. ఇవన్ని నాకు పక్కోళ్ళయే."

ఆమె కాక వైపు చూసింది. కాక భుజాలెగరేశాడు. ఇంట్లోంచి పార తెచ్చుకొని వెళ్ళాను. మొదటి గుంటలో అప్పటికే లచ్చవ్వ దిగి ఉంది. అతికిన మణికట్టు ఇంకా వంకరగానే ఉంది, ఆ చేతిని కడుపుకు ఆనించుకొని రెండో చేత్తో గడ్డపార దించుతోంది.

"పైకి రా లచ్చవ్వా, నేను దిగుత" అన్నాను.

రాలేదు. తలెత్తి నన్ను చూసింది. దొరా అనలేదు, సార్ అనలేదు.

"నేను తవ్వుత. మీరు మన్ను ఎత్తిపొయ్యిన్రి" అంది.

ఎత్తిపోశాను.